పాట వెనుక నున్న కథ



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసందర్భమున పుస్తకములను గూర్చియు, వానిని సమకూర్చిన దాతలను గూర్చియు ముచ్చటించుకొనుట ఆచారము. ఈ ప్రసంగము మాత్రము బీరువాలలోనికి ఇంకను పూర్తిగ చేరని యొక సంపదను గూర్చినది. అది పాట. అందును, ఏకాంతమున ఒక కవి వ్రాసికొని దాచుకొన్న పాట కాదు. పదిమంది దళముగ కూడి వీథులలోను, తిరునాళ్లలోను, సభలలోను పాడగా జనుల నోటికెక్కిన పాట.

పాటకు రాగతాళములు కలవు; అవి చెవికి తెలియును. పాటకు మాటలు కలవు. అవి మనసునకు తెలియును. ఈ రెంటి వెనుక మూడవది యొకటి కలదు. అది ఆ పాటను పుట్టించిన సంఘటన. ఏ యేట, ఏ యూర, ఎవరికి ఏమి జరిగినందున ఆ మాటలు వెలువడెనో ఎవరైన చెప్పిననే గాని తెలియదు. చెప్పువారు పోయిన పిమ్మట పాట మిగిలినను, అది ఊరును పేరును మరచిన బాటసారివలె తిరుగుచుండును. విన్నవారు ఆదరింతురు గాని, అది ఎవరి బిడ్డయో ఎరుగరు.

ప్రత్తి, మిరప, పొగాకు పండు ఈ గుంటూరు, ప్రకాశము మైదానము పాటలు కూడ పండిన నేల. వానిలో కొన్నింటి వెనుక నున్న కథలను తలచుకొని, ఆ కథల విషయమున గ్రామ గ్రంథాలయము చేయదగిన పని యేమో విచారించుట ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

మొదటిది చీరాల పేరాల కథ. ఈ యూరినుండి తీరము వెంట ఈశాన్యముగ పోయినచో చీరాల వచ్చును. అచ్చటి జనులలో చేనేతవారు, చిన్న రైతులు అధికులు. చీరాల, పేరాల గ్రామములు యూనియనుగ నుండినంతకాలము ఏటికి రమారమి 4,000 రూపాయల పన్ను వసూలగుచుండెను. 1919లో చెన్నరాజధాని ప్రభుత్వము ఆ గ్రామములను పురపాలక సంఘముగ మార్చగా, ఆ పన్ను 40,000 రూపాయల వరకు పెరుగు పరిస్థితి ఏర్పడెను. ప్రజలు అర్జీలు పెట్టుకొనిరి, ఫలింపలేదు. పన్ను చెల్లింపక నిలిచిరి. కొందరు చెరసాలకు పోయిరి. అట్లు పోయినవారిలో ఒక స్త్రీయు నుండెను.

ఈ ఉద్యమమునకు నాయకుడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలులో జన్మించి, స్కాట్లండు దేశమునందలి ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం. ఏ. చదివినవాడు. ఆనందకుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లమున అనువదించెను. ఆ గ్రంథము 1917లో అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము వారిచే ప్రచురింపబడెను. అట్టి కళావేత్త ఒక వస్త్రవ్యాపార కేంద్రమున నిలిచి పన్నుల పోరాటము నడుపుట ఒక వింత. ఆ పోరాటమునకు ఆయన ఏర్పరచిన స్వచ్ఛంద సేవకుల దళమునకు రామదండు అని పేరు పెట్టుట అంతకంటె గొప్ప యోచన. కాషాయ వస్త్రములు ధరించి, మెడలో రుద్రాక్షమాలలు వేసికొని, భజనలు చేయుచు ఆ దళము నడచుచుండెను. 1921 మార్చి 31, ఏప్రిలు 1 తేదీలలో బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశము జరిగినపుడు వేలకొలది జనమును క్రమముగ నడిపించిన సేవ రామదండుది.

సమావేశానంతరము 1921 ఏప్రిలు 6న మహాత్మాగాంధి చీరాలకు వచ్చెను. అహింసతో పన్నుల నిరాకరణ సాగించుట యొక మార్గమనియు, ఊరే విడిచిపోవుట రెండవ మార్గమనియు సూచించెను. చీరాలవారు రెండవదానినే ఎన్నుకొనిరి. పురపాలక సంఘపు ఎల్లలు దాటి, పాకలు వేసికొని, దానికి రామనగరమని పేరిడిరి. 15,000 పైబడిన జనాభాలో 13,000 మందికి పైగా ఇండ్లు విడిచి పాకలలోనికి పోయిరి. ఎండాకాలము, వానాకాలము, చలికాలము మూడును అచ్చటనే గడచినవి. దుగ్గిరాల చెరసాలపాలైన పిదప, నెలలకొలది కష్టము భరించిన మీదట, 1922లో జనులు తిరిగి ఇండ్లకు చేరిరి.

రాముడు అరణ్యమునకు పోవు ఘట్టము తెలుగునాట ప్రతి భజనమందిరమునను శతాబ్దములుగ పాడబడుచున్నదే. కాని, తాళమువేసిన ఇంటిని దూరమునుండి చూచుచు, తాటాకు పాకలో నూనెదీపము ముందు కూర్చున్న నేతగానికి ఆ ఘట్టమున క్రొత్త యర్థము స్ఫురింపక మానదు. అయోధ్య తన ఊరే. వనవాసము తన పాకయే. పాటలో అక్షరమైనను మారలేదు, అర్థమంతయు మారినది. రామనగరపు కథ తెలియని వానికి అది సామాన్యమైన భజన. తెలిసినవానికి అది 13,000 మంది నడచిన బాట. పాట వెనుక కథ యుండుట యనగా ఇదియే.

రెండవది, ఆ దినములలోనే ఆంధ్రదేశమంతట మారుమ్రోగిన గరిమెళ్ల సత్యనారాయణ పాట. దానిని 'మాకొద్దీ తెల్లదొరతనము' అను పేరుతో ఎరుగనివారు పెద్దతరమువారిలో అరుదు. గరిమెళ్ల 1893లో నేటి శ్రీకాకుళము జిల్లాలోని గోనెపాడున జన్మించెను. ఆ పాట ఆయనను చెరసాలకు పంపెను. సర్కారు దానిని రాజద్రోహముగ చూచెను. జనులు దానిని తమ గోడుగ చూచిరి. పండిన పంట తమది కాకపోవుట, ఉప్పు తాకుటయే నేరమగుట వంటి దినదిన బాధలు అందున్నవి. ఆ పాట వెలసిన 1921 ప్రాంతమునకు ఉప్పు సత్యాగ్రహము ఇంకను ఎవరి యూహలోను లేదు. తొమ్మిదేండ్ల తరువాత 1930లో ఒంగోలు ప్రాంతమునందే దేవరంపాడున టంగుటూరి ప్రకాశము పంతులు ఉప్పు సత్యాగ్రహ శిబిరమును నడిపెను. సముద్రము ఇంటి ముంగిట నుండియు ఉప్పునకు పన్నిచ్చుకొన్న తీరవాసులకు ఆ పాటలోని ఆ మాట ఎంత చేరువైనదో కొత్తపట్నము వారికి వేరుగ చెప్పనక్కరలేదు. పాట ముందు నడచినది; ఉద్యమము వెనుక వచ్చినది.

ఒక తెల్లదొర కలెక్టరు గరిమెళ్లను పిలిపించి, తెలుగు రాకున్నను ఆ పాటను పాడించుకొని విని, దాని శక్తికి అబ్బురపడెనని ఒక కథ చిరకాలముగ ప్రచారములో నున్నది. అట్టి కథలు పాటకు తోడుగ పెరుగుచుండును. వానిని త్రోసివేయరాదు, వ్రాతపూర్వకమైన సాక్ష్యముతో సమానముగ ఎంచనురాదు. ఇంతటి పాటను ఇచ్చిన గరిమెళ్ల 1952లో చెన్నపట్టణమున పేదరికముననే కన్నుమూసెను. ఈ సంగతి మాత్రము పాట పాడువారిలో అనేకులకు తెలియదు. పాటను ప్రేమించిన దేశము పాట కట్టినవానిని మరచినది. ఇదియు ఆ పాట వెనుకటి కథలోని భాగమే.

మూడవది పల్నాటిది. పల్నాటిలో పాట ఏనాటినుండియో కలదు. 12వ శతాబ్దమునందలి పల్నాటి యుద్ధమును, బ్రహ్మనాయని, నాగమ్మను, బాలచంద్రుని కథలను వీరవిద్యావంతులు తరతరములుగ పాడుచున్నారు. కార్తికమాసాంతమున కారెంపూడిలో జరుగు వీరుల యుత్సవములకు వారి గానమే ప్రాణము. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతము పరిష్కరించి 1911లో ప్రకటించుటచే కావ్యము నిలిచినది. కాని గాయకుని నోట పలుకు కథ వేరు. జీన్ రోఘైర్ అను అమెరికా పండితుడు పల్నాటికి వచ్చి, అలిసెట్టి గాలెయ్య అను గాయకుడు పాడినదానిని ధ్వనిముద్రణ చేసికొని, ఆంగ్లానువాదముతో 1982లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయముద్వారా ప్రకటించెను. ఇంటిముందు పాడుచున్న గాయకుని పేరు తెలిసికొనుటకు పొరుగుదేశపు పండితుడు రావలసి వచ్చెనన్నచో, అది ఆ పండితునికి కీర్తి, తెలుగువారికి హెచ్చరిక.

ఆ వీరగాథలు విని పెరిగిన పల్నాటిలోనే 1921, 22 సంవత్సరములలో పుల్లరి వ్యతిరేకోద్యమము సాగెను. అడవిలో పశువులు మేసినందుకు సర్కారు వసూలుచేయు పన్ను పుల్లరి. వానలు లేక, పంటలు లేక, పశువులే ఆధారమైన రైతునకు ఆ పన్ను గుదిబండ. మించాలపాడున కన్నెగంటి హనుమంతు పుల్లరి నిరాకరించి నిలువగా, 1922 ఫిబ్రవరిలో పోలీసుల కాల్పులలో ప్రాణము విడిచెను. ఆయన కథ అచటి గాయకుల నోటికి ఎక్కుటకు ఆలస్యము కాలేదు. బాలచంద్రుని కథకు అలవాటుపడిన నేల హనుమంతు కథను కూడ ఆ తీరుననే అందుకొనెను. తగిలిన తూటాల లెక్క చెప్పువారినిబట్టి మారును. దాహమునకు నీరు ఇయ్యనీయలేదను మాట ప్రతి కథకుని నోటను వినవచ్చును. లెక్కలు మారవచ్చును, పశువుల మేతకు పన్ను వేసిన సంగతి, దానిని కాదన్న రైతు నేలకొరిగిన సంగతి మారవు. చరిత్రకారుడు ఈ రెంటిని వేరుచేసి చూపవలెను. గ్రంథాలయము రెంటిని భద్రపరుపవలెను.

ఇక నాలుగవది, విషయమంతటికి నడుమనున్నది, నాజరు దళపు కథ. షేక్ నాజరు 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబమున జన్మించెను. ప్రత్తి పండు నేలలో ప్రత్తి ఏకు కులమువారు దూదేకులవారు. ఏకుడు వింటినారి చప్పుడుకు దూది మేఘమువలె విచ్చుకొనుట చూచినవారికి, ఆ వృత్తిలోనే ఒక లయ యున్నదని తోపకపోదు. పేద కుటుంబము, కుట్టుపని మొదలుగ పలు పనులు చేసి పొట్టపోసికొన్న బాల్యము, నాటకములలో వేషములు, సంగీతముపై తీరని మక్కువ. ఆయన జీవితకథకు 'పింజారి' అనియే పేరు పెట్టబడినది. ఆయన చెప్పగా దానిని గ్రంథస్థము చేసినవారు అంగడాల వెంకటరమణమూర్తి. లోకులు తేలికగ వాడిన కులనామమునే పుస్తకమునకు శీర్షికగ నిలుపుటలో ఆ గాయకుని ఆత్మగౌరవము తెలియుచున్నది.

బుర్రకథ అంతకుముందే జంగము కథయనియు, తందాన కథయనియు పల్లెలలో నుండినదే. దాని నిర్మాణము తెలుగువారికి తెలిసినదే యైనను, ప్రస్తుత విషయమునకు అవసరమైనంత చెప్పికొనవలెను. నడుమ కథకుడు, భుజముపై తంబురా, వ్రేలికి అందె, కాళ్లకు గజ్జెలు. అటొకడు, ఇటొకడు వంతలు. వారి చేత గుమ్మెటలు. ఒక వంత హాస్యము పలుకును. రెండవవంత రాజకీయము పలుకును. కథకుడు పాడుచుండగా రాజకీయపు వంత అడ్డుతగిలి, అది యెప్పుడు జరిగినది, ఎందుకు జరిగినది, నేటి కాలమున దానివంటిది లేదా యని ప్రశ్నించును. కథకుడు పాట ఆపి వచనమున సమాధానము చెప్పి, మరల పాట నందుకొనును. అనగా బుర్రకథలో పాటయు, పాట వెనుక కథయు ఎన్నడును విడిపోవు. పాడుచుండగనే అడుగువాడొకడు ప్రక్కన నిలిచియుండుటయే దాని రహస్యము.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడి, గరికపాటి రాజారావు మొదలగువారి సారథ్యమున పల్లెపల్లెకు నాటకములను, పాటలను మోసికొనిపోయెను. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' వంటి బుర్రకథలు వ్రాసెను. నాజరు తన దళముతో బుర్రకథకు క్రొత్త ఊపిరి పోసెను. శాస్త్రీయ సంగీతపు మెరుగు, నాటకరంగపు అభినయము, పల్లెవాని పలుకుబడి, ఈ మూడింటిని ఆయన ఒకచోట చేర్చెను. పల్నాటి యుద్ధము, 1757 నాటి బొబ్బిలి యుద్ధము, 1924లో బలియైన అల్లూరి సీతారామరాజు కథ ఆయన గళమున వేలకొలది జనులను రాత్రులంతయు మేల్కొలిపినవి.

ఆ దళపు కథలలో బెంగాలు కరవు కథను ప్రత్యేకముగ స్మరింపవలెను. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి బియ్యము రాక నిలిచిపోయెను. యుద్ధప్రయత్నములు, ధరల పెరుగుదల, దాచివేత, ప్రభుత్వపు అలక్ష్యము అన్నియు కలిసి 1943లో బెంగాలున ఘోరమైన కరవు వచ్చెను. దానికి బలియైనవారు దాదాపు 30 లక్షలమందియని పలువురి అంచనా. ఆంధ్రతీరమునకు కూడ యుద్ధభయము దూరమైనది కాదు. 1942 ఏప్రిలున విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసియుండెను. వంగదేశమున ఆకలితో మరణించువారిని గుంటూరు రైతు ఎన్నడును చూచి యెరుగడు. వారి భాష యెరుగడు. అయినను తన ఊరి చావడిముందు తన భాషలో తంబురా మీటుచు ఒకడు ఆ కథను చెప్పగా, ఆ ఆకలి తన ఇంటి ఆకలియే యైనట్లు తోచెను. వార్తాపత్రిక చదువలేని వానికి ఆ రాత్రి పత్రిక వినిపించినది.

ఇట్టి పాటకు సర్కారు జంకినది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947లో రచించిన 'మా భూమి' నాటకమును మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. తెల్లదొరల కాలమున గరిమెళ్ల పాటకు పట్టిన గతియే, స్వదేశ ప్రభుత్వమున ఈ నాటకమునకు పట్టెను. నాజరు మాత్రము ఆ తరువాతను దశాబ్దములపాటు బుర్రకథను విడువలేదు. 1986లో భారత ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. 1997లో ఆయన అస్తమించెను. మహమ్మదీయ కుటుంబమున పుట్టినవాడు తాండ్ర పాపారాయుని రోషమును, బాలచంద్రుని తల్లి మమతను తన సొంతముగ చేసికొని పాడగా, వినువారు గాయకుని మతమడుగలేదు. ఇదియు ఆ పాటల వెనుక నున్న కథయే. బహుశః అన్నింటిలో విలువైనది.

కథ తప్పిపోయినచో పాటకు ఏమగునో చూపుటకు తెలంగాణమునుండి ఒక నిదర్శనము చాలును. 'బండెనక బండి కట్టి' అను పాట నేడు ప్రసిద్ధము. తెలంగాణ సాయుధ పోరాటకాలమున బండి యాదగిరి దానిని కట్టెనని ప్రసిద్ధి. మొదట ఒక దొరను ఉద్దేశించి సంధించిన ఆ పాట, కాలక్రమమున నిజాము సర్కారునే ఉద్దేశించినదిగ మారెనని చెప్పుదురు. 1979లో గౌతంఘోష్ తీసిన 'మా భూమి' చలనచిత్రమున గద్దరు గళమున అది వినబడి, లక్షలమందికి చేరెను. పాట వ్యాపించినది. కట్టినవాని పేరు మాత్రము పాడువారిలో చాలమందికి తెలియదు. ఏ యూరి దొర ఏమి చేసినందుకు ఆ పాట పుట్టెనో తెలిసినవారు అంతకంటె తక్కువ.

ఇది తెలుగువారి సమస్య మాత్రమే కాదు. బ్రిటను ద్వీపమున ఆంగ్లదేశమునకు పడమటగ వేల్సు అను చిన్న దేశము కలదు. అచ్చటివారి జాతిభాష ఇంగ్లీషు కాదు, వెల్షు. పొరుగుననే మహాశక్తిగల ఇంగ్లీషు ఉండుటచే ఆ చిన్న భాష నిలుచునా నిలువదా యను భయము వారిని చిరకాలము బాధించినది. 1983లో దావిద్ యువాన్ అను గాయకుడు 'ఆర్ లోగ్' అను వాద్యబృందముతో కలిసి ఒక వెల్షు పాటను వెలువరించెను. దాని పేరునకు 'ఇంకను ఇచ్చటనే' యని అర్థము. క్రీస్తుశకము 383లో రోము సేనాని మాక్సిమసు ఆ దేశమును విడిచిపోయిన ఘటనతో ఆ పాట ఆరంభమగును. ఎందరు వచ్చినను ఎందరు పోయినను తమ జాతియు భాషయు నిలిచియున్నవని చాటును. దాదాపు నలుబదియేండ్లకు, 2022లో, ప్రపంచ కాల్బంతి పోటీలకు పోయిన వేల్సు జట్టు ఆ పాటనే తన పాటగ ఎన్నుకొనెను. దానిని ఎలుగెత్తి పాడిన జనసమూహములో వెల్షు భాష మాటలాడలేనివారును ఎందరో కలరు. మాక్సిమసు ఎవరో తెలిసికొనగోరి చరిత్ర పుస్తకము తెరచినవానికి ఆ పాట భాషకు ద్వారమైనది. కోరనివానికి అది ఆటస్థలపు కేక. ఒకే పాట, రెండు ఫలములు. భేదము పాటలో లేదు. వెనుకటి కథ తెలియుటలోను తెలియకపోవుటలోను కలదు.

ఇప్పుడు సొంత ఊరికి రావలెను. కొత్తపట్నమునకు కూడ దేశచరిత్రలో ఒక పుట కలదు. 1937లో ఇచ్చట ఆర్థిక రాజకీయ వేసవి పాఠశాల ఏర్పాటయ్యెను. యువకులకు దేశపు ఆర్థిక స్థితిని, రాజకీయ సిద్ధాంతములను బోధించుట దాని లక్ష్యము. అప్పుడు మద్రాసులో కూర్మా వెంకటరెడ్డినాయుని మధ్యంతర మంత్రివర్గము అధికారమున నుండెను. అది పాఠశాలను నిషేధించెను. యువకులు నిషేధమును ధిక్కరించిరి. పోలీసులు లాఠీలకు పనిచెప్పిరి. పాఠములు వినవచ్చిన విద్యార్థులు దెబ్బలనే మొదటి పాఠముగ నేర్చుకొనిరి. ఈ సంఘటన చరిత్ర గ్రంథములలో కలదు. అట్టి దళములు కూడినచోట పాట లేకుండుట అరుదు. ఆ యేటి ఇసుకతిన్నెలపై ఏ పాటలు లేచెనో, వానిని ఏ తాత ఏ మనుమనికి వినిపించెనో, ఏ యింటి అటకమీద పాత నోటుపుస్తకమున వ్రాసియుండెనో వెదకుట ఈ యూరివారి వంతు. చీరాలకు పాటయు కథయు కలవు. కొత్తపట్నమునకు కథ కలదు, పాటను వెదకి తేవలెను.

ఇంతకంటె నిశ్శబ్దముగ పోవుచున్నవి పనిపాటలు. మిరపకాయలు కోయు స్త్రీలు, ప్రత్తి తీయు స్త్రీలు, నాట్లు వేయు స్త్రీలు పాడిన పాటలకు కవిపేరు లేదు. పడవకు ఇంజను వచ్చిన పిదప తెడ్డుతో లేచు హైలెస్సా పాటకు పని తగ్గినది. పని పోయినచో పాట పోవును. పాట పోయినచో ఆ పని ఎంత కష్టమైనదో చెప్పు సాక్షి పోవును. జానపద గేయములను సేకరించి పరిశోధించినవారు లేకపోలేదు. 1874లోనే బాయిల్ అను ఆంగ్లేయుడు తెలుగు వీరగాథలను గూర్చి వ్రాసెను. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయములపై పరిశోధించి 1956లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెను. కాని ఏ పండితుడును ప్రతి గ్రామమునకు పోలేడు. ప్రతి గ్రామమున నుండదగినది గ్రంథాలయమొక్కటే.

ఆంధ్రదేశమున గ్రంథాలయములు సర్కారు ఉత్తర్వుతో పుట్టినవి కావు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్య మొదలగువారు ఇంటింటికి తిరిగి పుస్తకమును ఉద్యమముగ చేసిరి. చీరాలకు చేరువనున్న వేటపాలెమున 1918లో వెలసిన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీజీ శంకుస్థాపన చేసెను. పాత పత్రికలను అచ్చటివారు రెప్పవలె కాపాడినందుననే నేటి పరిశోధకులు అచ్చటికి యాత్ర చేయుచున్నారు. చిత్తుకాగితమని ఇతరులు పారవేసినదానిని దాచుటయే గ్రంథాలయపు ఘనత. పత్రికకు చేసిన ఆ సేవనే పాటకును చేయవలెను.

దానికి గొప్ప ధనము అక్కరలేదు. ఒక గట్టి అట్టపుస్తకము చాలును. పాట కొక పుట. ఆ పుటలో పాట పాఠము, పాడినవారి పేరు వారి అనుమతితో, వారు ఎవరివద్ద నేర్చిరి, ఏ పనిలో, ఏ పండుగలో పాడుదురు, ఏ సంఘటనవలన పుట్టినదని చెప్పుదురు, వ్రాసికొన్న తేదీ. ఇద్దరు రెండు విధములుగ చెప్పినచో రెంటిని వ్రాయవలెను, ఒకదానిని కొట్టివేయరాదు. విన్నమాటను విన్నదిగను, పత్రమున చూచినదానిని చూచినదిగను వేరువేరుగ గుర్తింపవలెను. నేడు దాదాపు ప్రతియింట సెల్ ఫోను కలదు. రాగమును దానిలో పట్టి ఉంచవచ్చును. కాని యంత్రము మారిన కొలది ధ్వని పోవు ప్రమాదము కలదు. కావున కాగితమును విడువరాదు. పాఠశాల విద్యార్థులకు వేసవి సెలవులలో ఈ పని అప్పగించినచో, వారు తమ అవ్వ ప్రక్కన కూర్చుండుటకు అదియొక నెపమగును. పాటతో పాటు అవ్వయు వారికి దక్కును.

ఆలస్యమునకు మాత్రము తావు లేదు. పుస్తకము చెదపట్టినచో మరియొక ప్రతి ఎచ్చటనైన దొరకవచ్చును. పాట తెలిసిన వృద్ధుడు కన్నుమూసినచో రెండవ ప్రతి లేదు.

బుర్రకథలో కథకుని ప్రక్కన నిలిచి ఎప్పుడు, ఎవరు, ఎందుకు అని అడుగు వంతను మరల స్మరింపవలెను. గ్రామమున పాడువారు ఇంకను కలరు. అడుగువారే తగ్గిరి. ఆ వంత స్థానమున గ్రంథాలయము నిలువవలెను. కథకుడు పాడుచుండగా అడుగవలెను, చెప్పినదానిని వ్రాసికొనవలెను, మరుతరమునకు వినిపింపవలెను. ఈ యిరువదియైదేండ్లు గ్రంథాలయము ఊరివారికి పుస్తకములు చదివించినది. రానున్న యిరువదియైదేండ్లు ఊరివారి నోటనుండి పుస్తకములు వ్రాయించునుగాక.